రైలుకట్ట పక్కన ఇత్తడి బిళ్ళ

రైలు ప్రయాణంలో మనలో చాలామందికి ఒక అలవాటుంటుంది. స్టేషను రాగానే కిటికీలోంచి తొంగిచూసి ఊరి పేరు చదువుతాం. పసుపుపచ్చ పలక మీద నల్లటి అక్షరాలతో ఊరి పేరు ఉంటుంది. దాని అడుగున చిన్న అక్షరాలతో ఇంకో సంగతి కూడా రాసి ఉంటుంది, సముద్రమట్టానికి ఇన్ని మీటర్లు అని. విజయవాడలో ఆ అంకె 20కి లోపు. సికిందరాబాదులో 500 దాటి ఉంటుంది. పక్కనున్న పిల్లవాడు "అమ్మా, అదేమిటే?" అని అడుగుతాడు. "సముద్రం కంటే మనం అంత ఎత్తులో ఉన్నాం నాన్నా" అంటాం. వాడు ఊరుకుంటాడా? "సముద్రం ఇక్కడెక్కడుంది? ఎవరు కొలిచారు? ఎట్లా కొలిచారు?" అంటాడు. ఇంతలో ఇడ్లీ పొట్లాలవాడు వస్తాడు, మనం బతికిపోతాం.

ఈవేళ ఆ పిల్లవాడికి జవాబు చెప్పుకుందాం. ఈ కథ మన దేశంలోనూ ఉంది, అమెరికాలోనూ ఉంది. అమెరికా కథ ముందు చెబుతాను. ఎందుకంటే అక్కడ రైలు పట్టాల పక్కన వందేళ్ళనాడు పాతిన కొలత గుర్తులను ఇప్పుడు వెతుక్కుంటూ తిరిగే మనుషులున్నారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, పింఛను పుచ్చుకున్న పెద్దవాళ్ళు, సెలవురోజున పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళు, అందరూ ఉన్నారు. దొరికితే వాళ్ళకు వచ్చేది అరచేతంత ఇత్తడి బిళ్ళను చూసిన సంతోషం. దాన్ని ఇంటికి తెచ్చుకోవటానికి కూడా లేదు. మరి ఎందుకంత శ్రమ అంటారా? చివరిదాకా వింటే మీకే తెలుస్తుంది.

ముందుగా సముద్రమట్టం అంటే ఏమిటో చూద్దాం. సముద్రం ఒక్క తీరున ఉండదు గదా. పొద్దున పోటు, మధ్యాహ్నం ఆటు, పౌర్ణమికీ అమావాస్యకీ మరింత పొంగు. అందుకని రేవులో ఒక బావి వంటిది కట్టి, అందులో నీళ్ళు ఎంత ఎక్కాయో ఎంత దిగాయో గంటగంటకూ రాసుకుంటారు. చంద్రుడి గతి పూర్తిగా ఒక చుట్టు తిరిగి రావటానికి 19 ఏళ్ళు పడుతుంది కనుక, వీలైతే అన్నేళ్ళూ రాసి సగటు తీస్తారు. ఆ సగటే సున్నా. అక్కడినుంచే ఎత్తులన్నీ లెక్క.

ఇక ఆ సున్నాను రేవునుంచి లోపలి ఊళ్ళకు మోసుకుపోవాలి. ఇదెట్లా? ఇల్లు కట్టించిన వాళ్ళకు తెలుసు. తాపీమేస్త్రీ సన్నటి గొట్టంలో నీళ్ళు పోసి ఈ గోడమీద ఒక గీత, ఆ గోడమీద ఒక గీత పెడతాడు. రెండూ ఒకే మట్టం. సర్వేవాళ్ళు చేసేదీ అదే, కాకపోతే గొట్టం బదులు రసమట్టం బిగించిన దుర్భిణి వాడతారు. ముందొకడు, వెనకొకడు గీతలు గీసిన పొడుగాటి కొలబద్దలు నిటారుగా పట్టుకుంటారు. నడుమ దుర్భిణి. వెనక బద్ద మీద ఎంత కనిపించిందో రాసుకుని, దుర్భిణి తిప్పి ముందు బద్ద మీద ఎంతో రాసుకుంటారు. మొదటిదాంట్లోంచి రెండోది తీసివేస్తే ఆ రెండు చోట్లకూ మధ్య ఎత్తులో తేడా వచ్చేసింది. తరవాత వెనకవాడు ముందుకు పోతాడు, మళ్ళీ అదే తంతు.

దుర్భిణి సరిగ్గా నడిమధ్యనే పెట్టాలి. తక్కెడలో పాసంగం ఉందనుకోండి, వస్తువును ఒకసారి ఈ పళ్ళెంలో, ఒకసారి ఆ పళ్ళెంలో వేసి తూచామంటే దొంగతనం బయటపడుతుంది గదా. దుర్భిణిలో దోషమున్నా రెండువైపులా సమాన దూరముంటే అటు తప్పు ఇటు తప్పుకు చెల్లు అయిపోతుంది. ఇంత చేసినా వాళ్ళకు నమ్మకం లేదు. ప్రతి ముక్కనూ ముందుకొకసారి, వెనక్కొకసారి కొలిచేవారు. ఒక కిలోమీటరు ముక్కలో రెండు లెక్కలకూ 4 మిల్లీమీటర్లకు మించి తేడా వస్తే మళ్ళీ మొదటినుంచి కొలవాల్సిందే. 4 మిల్లీమీటర్లంటే రెండు కందిబేడలు ఒకదానిమీద ఒకటి పెట్టినంత.

అమెరికాలో ఈ పనిని కోస్ట్ అండ్ జియొడెటిక్ సర్వే అనే ప్రభుత్వ సంస్థ తలకెత్తుకుంది. తూర్పున అట్లాంటిక్ సముద్రం, పడమట పసిఫిక్ సముద్రం, నడుమ వేల మైళ్ళ నేల. ఈ సముద్రంనుంచి ఆ సముద్రందాకా మట్టం కొలుచుకుంటూ పోవాలని తలపెట్టారు. మేరీలాండ్ రాష్ట్రంలో హేగర్స్‌టౌన్ అనే ఊళ్ళో 1877లో మొదటి గుర్తు పెట్టారు. దాని పేరు 'ఎ'. 1907 నాటికి కొలత వాయవ్యమూల సియాటిల్ దగ్గర పసిఫిక్ సముద్రాన్ని తాకింది. అంటే ముప్ఫయ్యేళ్ళు! దుర్భిణికి అటు వంద మీటర్లు, ఇటు వంద మీటర్లు చూపు ఆనుతుందనుకున్నా, కిలోమీటరుకు ఐదుసార్లు దుర్భిణి దించాలి, ఎత్తాలి. దాన్ని వేల కిలోమీటర్లకు లెక్క వేయండి. పైగా రానూపోనూ!

ఇంత దూరం ఏ దారిన పోవాలి? అక్కడే రైలు వచ్చింది. 1869 మే 10వ తేదీన యూటా ప్రాంతంలో ప్రొమాంటరీ అనేచోట తూర్పునుంచి వచ్చిన పట్టాలు, పడమటినుంచి వచ్చిన పట్టాలు కలిశాయి. ఆ రోజుల్లో ఊరు దాటితే మంచి రోడ్డు లేదు. కొండ వచ్చినా లోయ వచ్చినా రైలుకట్ట మాత్రం మెల్లగా ఎక్కుతుంది, మెల్లగా దిగుతుంది. ఆవిరి ఇంజను నిటారు ఎక్కుడు లాగలేదు గదా. సర్వేవాళ్ళకు కావలసిందీ అదే. నిటారుగా ఉన్నచోట దుర్భిణి చూపు నాలుగడుగులు పోయి నేలకు కొట్టుకుంటుంది. చదునుగా ఉన్నచోట దూరం పోతుంది. చెట్లు కొట్టనక్కర్లేదు, వాగులకు వంతెనలున్నాయి, పదిమైళ్ళకొక స్టేషను, అక్కడ మంచినీళ్ళు, రొట్టె, తలదాచుకోవటానికి చోటు. రైలు కంపెనీల అనుమతితో పట్టాలమీద నడిచే చిన్న బండ్లెక్కి వీళ్ళు సామాను వేసుకుని తిరిగేవారు. మన గ్యాంగ్‌మన్ల ట్రాలీలు చూశారు గదా, అటువంటివే. రైలు కూత వినబడితే బండి ఎత్తి పక్కన పెట్టుకోవటమే.

ఆ బృందంలో ఒకాయన దుర్భిణి చూసేవాడు, ఒకాయన పుస్తకంలో రాసేవాడు, ఇద్దరు బద్దలు పట్టేవాళ్ళు, ఒకడు గొడుగు పట్టేవాడు. గొడుగు మనుషులకు కాదండోయ్, దుర్భిణికి! ఎండ ఒకవైపు తగిలితే లోహం సాగుతుంది, రసమట్టంలో బుడగ పక్కకు జరుగుతుంది. అందుకని రాజుగారికి పట్టినట్టు దానికి ఛత్రం పట్టేవారు. కొలబద్దలు కొయ్యవి. వానాకాలంలో మన తలుపులు ఉబ్బి బిగుసుకుపోయినట్టు అవీ ఉబ్బుతాయి. అందుకని కొయ్యకు మైనం బాగా పట్టించేవారు. తరవాత ఇన్వార్ అనే మిశ్రమలోహం వచ్చింది. ఇనుమూ నికెలూ కలిపిన లోహం, వేడికి సాగటం బహు తక్కువ. దీన్ని 1896లో కనిపెట్టిన గిలోమ్ అనే శాస్త్రజ్ఞుడికి 1920లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆ తరవాత కొలబద్దల్లో ఇన్వార్ పట్టీలు బిగించారు.

సరే, కొలిచారు. కొలిచిన ఎత్తును ఎక్కడో ఒకచోట నిలబెట్టాలి గదా. లేకపోతే నీళ్ళమీద రాసిన రాతే. అందుకని మైలుకో రెండు మైళ్ళకో ఒక గుర్తు పెడుతూ పోయారు. దానికే బెంచ్ మార్కు అని పేరు. ఇప్పుడీ మాట షేర్ల ధరలకూ చదువులకూ అన్నిటికీ వాడేస్తున్నారు గాని, పుట్టింది ఇక్కడే. పూర్వం రాతిమీద ఉలితో అడ్డగీత చెక్కి, ఆ గీతలో ఒక ఇనప కోణాన్ని దూర్చి, దానిమీద కొలబద్దను నిలబెట్టేవారు. కొలబద్దకు అది కూర్చునే బల్ల. బల్లను వాళ్ళు బెంచ్ అంటారు గదా, ఆ బల్ల పెట్టే గుర్తు కనుక బెంచ్ మార్కు.

మొదట్లో వంతెన రాతిమీదో స్టేషను గడపరాతిమీదో చదరంగా చెక్కి ఊరుకునేవారు. కొన్నిచోట్ల రాగి మేకు దిగ్గొట్టేవారు. తరవాత తరవాత ఇత్తడి, కంచు బిళ్ళలు వచ్చాయి. మూడున్నర అంగుళాల వెడల్పు, అంటే మన ఇళ్ళలో చిన్న గిన్నెమీద మూతంత. కింద కాడ ఉంటుంది, దాన్ని కాంక్రీటు దిమ్మెలోనో రాతిలోనో దించి బిగిస్తారు. బిళ్ళ చుట్టూ సంస్థ పేరు ఉంటుంది. వివరాలకు వాషింగ్టన్‌లో డైరెక్టరుగారికి రాయండి అని ఉంటుంది. ఈ గుర్తును కదిపితే 250 డాలర్ల జరిమానా అనికూడా ఉంటుంది. మధ్యలో పేరు, సంవత్సరం. పేరంటే ఒక అక్షరం, ఒక అంకె. ఐ, ఓ అనే అక్షరాలు మాత్రం వాడరు, ఒకటీ సున్నా అని పొరపాటు పడతారని.

1929 వచ్చేసరికి అమెరికాలో 75,159 కిలోమీటర్లు, పక్కనున్న కెనడాలో 31,565 కిలోమీటర్లు ఇట్లా కొలిచారు. అన్నిటినీ కలిపి లెక్క సరిచేశారు. రెండు సముద్రాల తీరాల్లో 26 చోట్ల సముద్రమట్టాన్ని సున్నాగా పట్టుకున్నారు. ఇక్కడొక చిత్రం ఉంది. సముద్రమంటే అంతటా ఒకటే మట్టమని మనమనుకుంటాం. అది నిజం కాదు. గాలులు, ప్రవాహాలు, ఉప్పదనం, వేడి, వీటివల్ల ఒక తీరంలో సగటు నీటిమట్టం ఇంకో తీరంకంటే కాస్త ఎత్తుగా ఉంటుంది. 26 చోట్లా సున్నా అని బలవంతాన పట్టుకుంటే నడుమనున్న నేల లెక్కల్లో మెలిపడుతుంది. అందుకని తరవాత 1988 పేరుతో పెట్టిన కొత్త లెక్కలో ఒక్కచోటునే ఆధారం చేసుకున్నారు. అది కెనడాలో క్విబెక్ రాష్ట్రంలోని రిముస్కీ.

ఇక వెతకటం సంగతికి వద్దాం. ప్రతి గుర్తుకూ ఒక చిరునామా రాసి పెట్టారు. అది చదివితే భలే సరదాగా ఉంటుంది. ఫలానా స్టేషనుకు ఉత్తరంగా పట్టాల వెంబడి రెండుమైళ్ళు పోవాలి. మైలురాయికి పడమరగా 9 పట్టాల దూరం. తూర్పు పట్టాకు 35 అడుగులు. టెలిగ్రాఫ్ స్తంభాల వరసకు రెండడుగులు ఇవతల. పట్టాలకంటే మూడడుగులు పల్లం. ఈ తరహాగా ఉంటుంది. మన పల్లెటూళ్ళలో రావిచెట్టు పక్కన, కరణంగారి గోడ దాటాక అని చెప్పుకున్నట్టే.

'9 పట్టాల దూరం' అంటే ఏమిటో గమనించారా? ఒక కాలంలో రైలు పట్టా ముక్క పొడవు 33 అడుగులు. 9 ముక్కలంటే 297 అడుగులు. టేపు పట్టనక్కర్లేదు, అతుకులు లెక్కపెట్టుకుంటూ నడిస్తే చాలు. తరవాత పట్టా 39 అడుగులైంది. పట్టాలను మోసే వ్యాగన్ల పొడవు 40 అడుగులు కనుక, అందులో పట్టేట్టు. ఆపైన పావుమైలు పొడుగున అతికిన పట్టాలు వచ్చాయి. రైల్లో వెనకటిలా టకటక చప్పుడు లేదంటే కారణం అదే. చప్పుడుతోపాటు చిరునామా కూడా పోయింది! టెలిగ్రాఫ్ స్తంభాలు పీకేశారు. స్టేషన్లు పడగొట్టారు. మైలురాళ్ళు జరిపారు. 1916లో అమెరికాలో రైలుమార్గం 2,54,000 మైళ్ళు. కార్లు, విమానాలు వచ్చాక సగానికి కొంచెం ఎక్కువ మాత్రం మిగిలింది. చాలాచోట్ల పట్టాలే పీకేసి, ఆ కట్టను జనం నడవటానికి, సైకిళ్ళు తొక్కటానికి బాటగా మార్చారు. బిళ్ళ మాత్రం అక్కడే గడ్డిలో, గులకరాళ్ళ కింద పడి ఉంటుంది.

ఇప్పుడు చేతిలో ఫోనుంటే చాలుగదా, అదే దారి చూపిస్తుందిగదా అంటారేమో. అక్కడే తమాషా ఉంది. సర్వేవాళ్ళు ఎత్తు మిల్లీమీటర్లలో కొలిచారే గాని, ఆ గుర్తు భూమ్మీద ఏ అక్షాంశం, ఏ రేఖాంశం అన్నది పటం చూసి సుమారుగా రాసేశారు. అందులో 600 అడుగులదాకా తేడా ఉండవచ్చు. ఫోను మిమ్మల్ని పొలం నడిమధ్యకు తీసుకుపోయి, వచ్చేశాం అంటుంది. కనుక పాత చిరునామాయే గతి. వెతికేవాళ్ళు పాత పటాలు తెస్తారు. పడగొట్టిన స్టేషను ఎక్కడుండేదో పాత ఫొటోల్లో చూస్తారు. మిగిలిపోయిన తూము ఒకటి దొరికితే అక్కడినుంచి లెక్క మొదలుపెడతారు. టేపు, దిక్సూచి, తాపీ, ఒక కుచ్చుల బ్రష్షు, అంతే సామాను. గడ్డి పక్కకు తీసి, మట్టి గోకి, బ్రష్షుతో తుడిస్తే, అప్పుడు ఆకుపచ్చ కిలుము పట్టిన అక్షరాలు మెల్లగా బయటికి వస్తాయి.

దొరికితే ఫొటో తీసి, ఏ స్థితిలో ఉందో రాసి, నేషనల్ జియొడెటిక్ సర్వే అనే సంస్థకు పంపవచ్చు. పాత సంస్థకు అదే వారసురాలు. వాళ్ళ నియమం ఒకటి నాకెంతో నచ్చింది. ఎంత వెతికినా కనబడకపోతే 'కనబడలేదు' అని మాత్రమే రాస్తారు. 'పోయింది' అని రాయాలంటే ఊడిపోయిన బిళ్ళో, గుర్తున్న వంతెనను కూలగొట్టిన సాక్ష్యమో చూపాలి. మనం ఇంట్లో వస్తువు కనబడకపోతే రెండు నిమిషాలకే పోయింది అనేస్తాం, పనిమనిషిని అనుమానిస్తాం. కనబడకపోవటం వేరు, పోవటం వేరు అని ఆ లెక్కల పుస్తకం చెబుతుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. రైళ్ళు తిరిగే పట్టాలమీద, కట్టమీద తిరగకూడదు. అమెరికాలో అది రైలు కంపెనీల సొంత ఆస్తి, అడుగుపెడితే నేరం. ప్రతి ఏడూ వందలమంది అట్లా తిరిగి రైలు కింద పడి చనిపోతున్నారు. తెలిసినవాళ్ళు రోడ్డుదాటే గేటుదగ్గర, బాటలైపోయిన పాత కట్టలమీద మాత్రమే వెతుకుతారు. అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో వెళ్ళి నాలుగునెలలుండే మన తల్లులు పొద్దున్నే నడిచే బాటల్లో కొన్ని ఒకప్పుడు రైలుకట్టలే. కాలికింద బిళ్ళ కనబడితే ఇదేమిటో మీకు తెలిసి ఉంటుంది.

ఇక అసలు ప్రశ్న. ఈ పాత బిళ్ళలవల్ల ఉపయోగమేమిటి?

కాలిఫోర్నియాలో శాంటా క్లారా లోయ ఉంది. శాన్ హోసే, సన్నీవేల్, కూపర్టినో, ఈ పేర్లు ఇప్పుడు మన ఇళ్ళలో తెనాలి, తణుకు అన్నంత మామూలైపోయాయి. కంప్యూటర్ల పనిమీద వెళ్ళిన మన పిల్లలు అక్కడ వేలమంది ఉన్నారు. వందేళ్ళ కిందట అదంతా పళ్ళతోటలు. ప్రూన్ పళ్ళు, ఆప్రికాట్లు, చెర్రీలు. మొదట్లో బావి తవ్వితే నీళ్ళు వాటంతట అవే పైకి చిమ్మేవి. తరవాత తోటలు పెరిగాయి, ఊళ్ళు పెరిగాయి, పంపులు పెట్టి తోడటం మొదలుపెట్టారు. నీళ్ళు లోతుకు పోయాయి, ఇంకా లోతుగా తవ్వారు. ఇదంతా మనకు తెలిసిన కథే.

శాన్ హోసేలో 1912లో పెట్టిన కొలత గుర్తులున్నాయి. 1933లో వాటిని మళ్ళీ కొలిచారు. 4 అడుగులు కిందికి దిగిపోయి ఉన్నాయి! గుర్తు ఒక్కటే దిగలేదు. ఊరుకు ఊరే దిగిపోయింది. ఇళ్ళు, చర్చిలు, రోడ్లు, రైలుపట్టాలు, తోటలు అన్నీ కలిసి మెల్లమెల్లగా దిగాయి కనుక ఎవరికీ తెలియలేదు. మన పక్కనున్న మనిషీ మనతోపాటు ముసలివాడవుతుంటే మార్పు తెలియనట్టు. దూరాన, గట్టి రాతినేలమీద ఉన్న గుర్తునుంచి కొలుచుకుంటూ వచ్చినప్పుడే బయటపడింది.

కారణం నీళ్ళు తోడటమే. ఆ లోయ కింద ఇసకపొరలు, బంకమట్టి పొరలు ఒకదానిమీద ఒకటి ఉంటాయి. బంకమట్టిలో నీళ్ళుండి పైబరువును కొంత మోస్తాయి. నీళ్ళు లాగేస్తే ఆ మట్టి అణిగిపోతుంది. బూరుగుదూది పరుపు ఏళ్ళ తరబడి పడుకుంటే అణిగిపోయినట్టు. పరుపునైతే విప్పి, దూది ఏకించి మళ్ళీ కుట్టించుకోవచ్చు. అణిగిన బంకమట్టికి ఆ వైద్యం లేదు. మళ్ళీ నీళ్ళు ఇచ్చినా నేల పూర్వపు ఎత్తుకు లేవదు.

1969 నాటికి శాన్ హోసే నడిబొడ్డున నేల సుమారు 13 అడుగులు దిగింది. ఒక అంతస్తు మేడ ఎత్తు! మురుగుకాలవల వాలు తప్పింది. బావుల ఇనప గొట్టాలు నలిగిపోయాయి. సముద్రపు పాయ ఒడ్డున ఉన్న ఆల్విసో అనే చిన్న ఊరు నీటిమట్టానికి కిందికి పోయి, గట్లచాటున బతకాల్సి వచ్చింది. 1983లో ఆ ఊరు మునిగింది కూడా. అయితే ఆ లోయవాళ్ళు ఊరికే కూర్చోలేదు. నీటి సంరక్షణకు 1929లోనే ఒక సంస్థ పెట్టుకున్నారు. వాననీటిని ఆపటానికి ఆనకట్టలు కట్టారు, నీళ్ళు నేలలోకి ఇంకటానికి చెరువులు తవ్వారు. 1960ల్లో దూరంనుంచి కాలవ నీళ్ళు తెచ్చారు. తోడటం తగ్గించారు. 1969 తరవాత నేల కుంగటం దాదాపుగా ఆగిపోయింది. ఆగిందని ఎట్లా తెలిసింది? మళ్ళీ ఆ గుర్తులను కొలిస్తేనే.

ఆ రాష్ట్రంలోనే శాన్ వాకీన్ లోయలో ఇంకా ఘోరం. మెండోటా అనే ఊరి దగ్గర 1925కూ 1977కూ నడుమ నేల దాదాపు 9 మీటర్లు దిగింది. జోసెఫ్ పోలండ్ అనే శాస్త్రజ్ఞుడు అక్కడొక స్తంభం పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో ఉంది. ఆయన కాళ్ళ దగ్గర 1977 అనే పలక. తలకు ఎంతో ఎత్తున 1955 అనే పలక. ఇంకా పైన స్తంభం కొసన 1925 అనే పలక. 1925లో నేల ఆ కొస దగ్గర ఉండేదన్నమాట.

గుర్తును మళ్ళీ కొలవకపోతే ఏమవుతుందో న్యూ ఆర్లియన్స్ నగరం చెబుతుంది. 2005 ఆగస్టు 29న కత్రినా తుఫాను వచ్చినప్పుడు వరదగోడలు తెగి నగరం మునిగిపోయింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. గోడలు కూలటానికి కట్టుబడిలోని లోపాలు వేరే ఉన్నాయి. కాని తరవాత జరిగిన విచారణలో ఇంకొకటి కూడా తేలింది. కొన్ని గోడలు కాగితం మీద ఉన్న ఎత్తుకంటే ఒక అడుగు, రెండడుగులు తక్కువగా ఉన్నాయి. అక్కడి నేల ఎప్పటినుంచో కుంగుతున్నది, నేలతోపాటు కొలత గుర్తులూ కుంగాయి. పాత గుర్తుమీద పాత ఎత్తే చదివి, దానినుంచి గోడకు ఎత్తు కట్టారు. సముద్రానికి కాగితం లెక్క తెలియదు గదా.

మన దేశం సంగతి కూడా చెప్పుకోవాలి. సర్వే ఆఫ్ ఇండియా 1767లో పుట్టిన పాత సంస్థ. 1802లో లాంబ్టన్ మద్రాసు దగ్గర మొదలుపెట్టిన కొలతే పెరిగి పెరిగి గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వే అయింది. దుర్భిణీ, కొలబద్దలూ పట్టి మట్టం కొలిచే పని 1858లో కరాచీ సముద్రంనుంచి మొదలైంది. 1909లో దేశంలోని కొలతలన్నిటినీ కలిపి సరిచేసినప్పుడు తొమ్మిది రేవుల్లో సముద్రమట్టాన్ని సున్నాగా పెట్టుకున్నారు. కరాచీ, బొంబాయి, కార్వార్, బేపూర్, కొచ్చిన్, నాగపట్నం, మద్రాసు, మన విశాఖపట్నం, ఒరిస్సాలో ఫాల్స్ పాయింట్. అంటే అమెరికావాళ్ళు 26 రేవులు పట్టుకోవటానికి ఇరవయ్యేళ్ళ ముందే మనవైపు ఆ పని జరిగిపోయింది. ఇక్కడ కూడా రైలుమార్గాలు, పెద్ద రోడ్లు పట్టుకునే వెళ్ళారు. స్టేషన్లలో, వంతెనల దగ్గర, కచేరీల అరుగుల మీద రాతిలో జి.టి.ఎస్., బి.ఎం. అని అక్షరాలు చెక్కి పెట్టారు. ఇంజనీర్లు రోడ్డుకూ కాలవకూ ఎత్తు కట్టుకోవటానికి ఆ రాళ్ళే ఆధారం. స్టేషను పలకమీద అంకె వెనక ఇంత కథ ఉంది.

ఇప్పుడు ఉపగ్రహాలతో ఎత్తు కొలిచే పద్ధతులు వచ్చాయి. అమెరికాలోనూ ఇక్కడా వాటివైపే మళ్ళుతున్నారు. పాత బిళ్ళలు, పాత రాళ్ళు చూసేవాళ్ళు తగ్గిపోయారు. కాని ఉపగ్రహం ఈవాళ్టి ఎత్తు చెబుతుంది. మన తాతలనాడు ఈ నేల ఎంత ఎత్తులో ఉండేదో ఆ రాయే చెప్పాలి. రంగులు వేసేటప్పుడు, అరుగు పగలగొట్టి కొత్త గచ్చు చేయించేటప్పుడు ఆ రాయి పోయిందంటే ఆ సాక్ష్యం పోయినట్టే. 2021 ఫిబ్రవరిలో మన ప్రభుత్వం పటాల మీద, సర్వే వివరాల మీద వెనకటి ఆంక్షలు చాలా సడలించింది. కనుక కాలేజీ పిల్లలు, బడిపిల్లలు తమ ఊళ్ళో ఇటువంటి రాయి ఎక్కడుందో తెలుసుకుని, ఫొటో తీసి, జాగ్రత్తగా చూసుకోవచ్చు. రైలుకట్టమీదికి మాత్రం వెళ్ళనివ్వకండి.

బోరుబావుల సంగతి మనకు వేరే చెప్పాలా? తెలంగాణ, రాయలసీమల్లో చాలాచోట్ల అడుగున గట్టి రాయి ఉంది కనుక శాన్ హోసేలాగా నేల దిగదు, నీళ్ళు మాత్రం అడుగంటుతాయి. కృష్ణా గోదావరి డెల్టా మెత్తటి ఒండ్రునేల. ఢిల్లీలో విమానాశ్రయం దగ్గర కపాషేరా ప్రాంతంలో నీళ్ళు తోడటంవల్ల నేల కుంగుతున్నట్టు ఉపగ్రహ చిత్రాల పరిశోధనలో తేలిందని 2022లో ప్రకటించారు. ఇంట్లో వాననీటి గుంట తవ్వించమంటే చోటు దండగ అనుకునేవాళ్ళు శాంటా క్లారా లోయవాళ్ళు చెరువులెందుకు తవ్వారో ఒక్కసారి తలుచుకోవాలి.

చివరిగా మనందరికీ పనికివచ్చే మాట ఒకటి. వీధిలో రోడ్డు వేసినప్పుడల్లా పాత రోడ్డు తవ్వకుండా దానిమీదే మళ్ళీ పోస్తుంటారు. పదేళ్ళు గడిచేసరికి రోడ్డు పైకి, మన గడప కిందికి. వాన వస్తే వీధినీళ్ళు వంటింట్లోకి. అప్పుడు మనం ఎవరితో చెప్పినా, మీ ఇల్లే పల్లంలో కట్టుకున్నారమ్మా అంటారు. ఇల్లు కట్టేటప్పుడు ఇంజనీరుగారిని ఒక్క ప్రశ్న అడగండి. "మా గడప ఎత్తు దేనినుంచి కొలిచారు బాబూ?" అని. రోడ్డునుంచి అంటే ఒప్పుకోకండి, రోడ్డు రేపు మారుతుంది. దగ్గరలో ఉన్న పక్కా గుర్తునుంచి కొలిపించి, ఆ అంకెను ఇంటి కాగితాల్లో రాయించి దాచుకోండి. రేపు రోడ్డు ఎత్తు పెంచుతామని ఎవరైనా వస్తే ఆ కాగితం చూపించి మాట్లాడవచ్చు.

సెలవు.